పురుగుల ఇంజెక్షన్ వేయించిన వారానికి గుర్రం లద్దెలో ఎర్రటి పురుగులు, పొట్ట కింద వాపు. రెండో డోసు వేయించాలా?

చేవెళ్ల_తోట:
అందరికీ నమస్కారం. మాది చేవెళ్ల దగ్గర చిన్న తోట, నాలుగు గేదెలున్నాయి. గేదెల సంగతి నాకు తెలుసు, గుర్రం సంగతి బొత్తిగా తెలియదు, ముందే ఒప్పుకుంటున్నాను. మా వాడి పోరు పడలేక నెలన్నర క్రితం సిటీలో బారాత్‌లకు తిప్పే ఒకాయన దగ్గర మార్వాడీ ఆడగుర్రం కొన్నాం, నాలుగేళ్లదట. వచ్చినప్పుడే బక్కగా ఉంది, పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు, పొట్ట మాత్రం కుండలా వేలాడుతోంది, ఒంటి మీద వెంట్రుకకు మెరుపు లేదు. తిండి పెడితే అదే కోలుకుంటుంది అనుకుని పచ్చజొన్న, పూటకు కిలోన్నర చొప్పున ఉడకబెట్టిన ఉలవలు మొదలుపెట్టాను. నెల గడిచినా ఒళ్లు చేయలేదు.

మా ఊళ్లో పశువులకు సూదులు వేసే అతను వచ్చి చూసి, కడుపు నిండా నట్టలే అని చెప్పి, గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మెడ దగ్గర 8 ఎం.ఎల్. వేశాడు. అమ్మినాయన 400 కిలోలుంటుంది అన్నాడు కాబట్టి ఆ లెక్క. నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు నుంచి లద్దె ఉండలుగా రావడం మానేసి గేదె పేడలా జారుగా పడుతోంది. నిన్న కర్రతో కెలికి చూస్తే సెంటీమీటరు ఉందో లేదో, సన్నటి ఎర్ర దారం ముక్కల్లాంటివి, పదులు కాదు వందలు, కొన్ని కదులుతున్నాయి కూడా. పొట్ట కింద మెత్తగా వాచింది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. సూది వేసిన చోట నిమ్మకాయంత గడ్డ. మేత సగానికి తగ్గింది.

అతనేమో "మందు పనిచేస్తోంది, అందుకే పడిపోతున్నాయి, ఇంకో డోసు వేస్తే శుభ్రమైపోతుంది" అంటున్నాడు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా? ఇంట్లో చిన్నవాళ్లున్నారు, ఆ పురుగులు మనుషులకు అంటుకుంటాయా?

లాయం_పాతబస్తీ:
అన్నా, మా దగ్గర ఆరు గుర్రాలున్నాయి, మా నాన్న కాలం నుంచి ఇదే పని. సిటీలో గుర్రాలన్నిటికీ పురుగులుంటాయి, ఉన్న కాస్త జాగాలోనే కట్టేస్తాం, మేత కింద నేల మీదే వేస్తాం, లద్దె పక్కనే తింటాయి. భయపడకు. వాయువిడంగాలు, వేపాకు నూరి బెల్లంలో ఉండ చేసి వారం పెట్టు, పడిపోతాయి. ఉలవలు మాత్రం మానొద్దు, బలం పోతుంది.

వెట్_గన్నవరం:
రెండో ఇంజెక్షన్ వద్దు. చేవెళ్ల గారూ, ముందు ఆ అతన్ని ఆపండి, మిగతాది తర్వాత చదవండి.

నేను పశువైద్యురాలిని, గుర్రాలు ఎక్కువ చూసిన అనుభవం ఉంది. ఫోటో లేకుండా ఖాయంగా చెప్పలేను కానీ మీరు రాసింది నాకు బాగా తెలిసిన చిత్రమే. ఆ ఎర్ర దారాలు చాలావరకు చిన్న స్ట్రాంగైల్స్ అనే గుర్రం పేగు పురుగుల పిల్లలు. మేతతో లోపలికి వెళ్లి పెద్దపేగు గోడలోకి దూరి చుట్టూ తిత్తి కట్టుకుని పడుకుంటాయి, నెలలు కాదు, ఒక్కోసారి రెండేళ్లకు పైగా కూడా. పురుగుల బెడద బాగా ఉన్న గుర్రంలో అవి లక్షల్లో ఉంటాయి. పేగు లోపల తిరిగే పెద్ద పురుగులు ఉన్నంతకాలం ఇవి చాలావరకు నిద్రలోనే ఉంటాయి. ఐవర్‌మెక్టిన్ ఆ పెద్దవాటిని చంపుతుంది, గోడలో ఉన్నవాటి జోలికి దాదాపు వెళ్లదు. పైన ఖాళీ అయింది కదా, కింద పడుకున్నవి ఒక్కసారిగా గోడ చీల్చుకుని బయటికి వస్తాయి. పేగు గోడంతా పుండు. అందులోంచి రక్తంలోని ప్రోటీన్ కారిపోతుంది, ప్రోటీన్ లేక పొట్ట కింద నీరు దిగుతుంది. మీరు వేలితో నొక్కిన గుంట అదే. ఆరేళ్ల లోపు గుర్రం, మందు పడి రెండు వారాలు కాలేదు, రెండూ ఈ జబ్బుకు సరిగ్గా సరిపోయే లక్షణాలు. కాబట్టి పురుగులు పడుతున్నాయంటే మందు పనిచేస్తోందని అర్థం కాదు. సగం వరకు గుర్రాలు చనిపోయే జబ్బు ఇది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇవాళే చేయాల్సినవి చెబుతాను. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, లేదా రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి మీకు దూరం కాదు, గుర్రం నిలబడగలిగితే అక్కడికే తీసుకెళ్లండి. రక్తంలో ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్), మొత్తం ప్రోటీన్, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడమనండి. అదే రక్తంతో సర్రా పరీక్ష, పైరోప్లాస్మోసిస్ (పిడుదుల వల్ల వచ్చే రక్తం జబ్బు) పరీక్ష కూడా తప్పకుండా అడగండి. వానాకాలంలో జోరీగలు మోసే సర్రా కూడా ఇలాగే ఉంటుంది: బక్కచిక్కడం, పొట్ట కింద వాపు, వచ్చి పోయే జ్వరం. పురుగులని తేల్చేసి సర్రాను వదిలేసిన కేసులు నేను చూశాను.

లద్దెలో గుడ్ల లెక్క కూడా చేయిస్తారు, చేయించండి, కానీ సున్నా వచ్చినా సంబరపడొద్దు. బయటికి వస్తున్నవి పిల్ల పురుగులు, అవి గుడ్లు పెట్టవు.

మందు సంగతి. గోడలో ఉన్నవాటిని చేరేవి రెండే ఉన్నాయి. ఒకటి ఫెన్‌బెండజోల్, కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున వరసగా ఐదు రోజులు నోటి ద్వారా. రెండోది మాక్సిడెక్టిన్. అది కొవ్వులో నిలవుండే మందు, మీ గుర్రానికి కొవ్వే లేదు, డోసు కొంచెం అటూ ఇటూ అయినా మెదడుకు ఎక్కుతుంది, కాబట్టి ఈ స్థితిలో నేనైతే ముట్టుకోను. ఫెన్‌బెండజోల్‌కు కూడా చాలాచోట్ల ఈ పురుగులు అలవాటు పడిపోయాయి, అందుకే వేసిన 14 రోజులకు గుడ్ల లెక్క మళ్లీ చూడాలి. మందు మొదలుపెట్టేటప్పుడు పేగు వాపు తగ్గడానికి స్టెరాయిడ్ కవర్ ఇస్తారు, అది చూసిన డాక్టర్ నిర్ణయం, మీ అంతట మీరు వేయొద్దు.

ఫెన్‌బెండజోల్ కోసం గేదెల బోలస్ (పెద్ద మాత్ర) కొనేటప్పుడు అట్ట మీద పేరు చదవండి. ఫెన్‌బెండజోల్ ఒక్కటే ఉండాలి. మన దగ్గర నట్టల మందులో చాలాసార్లు లెవామిసోల్, ఆక్సీక్లోజనైడ్ కలిపి ఉంటాయి, లెవామిసోల్ గుర్రానికి ప్రమాదం, పనిచేసే డోసుకు విషమయ్యే డోసుకు మధ్య తేడా చాలా తక్కువ. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కూడా గుర్రానికి వేయకూడదు, అది గుర్రానికి నోట్లో పెట్టే పేస్టుగా వస్తుంది. సూది చోట క్లాస్ట్రీడియా అనే బ్యాక్టీరియా చేరి కండ కుళ్లిపోయిన గుర్రాలున్నాయి. ఆ నిమ్మకాయ గడ్డ పెరిగినా, నొక్కితే కరకరలాడినా అది వేరే ఎమర్జెన్సీ.

లాయం గారూ, వాయువిడంగాలు మా అమ్మమ్మ కూడా పిల్లలకు పెట్టేది. గోడలో పడుకున్న పురుగుకు అది చేరదు.

పిల్లలకు భయం లేదు, ఈ స్ట్రాంగైల్స్ మనుషులకు రావు. చేతులు కడుక్కుంటే చాలు.

చేవెళ్ల_తోట:
మేడమ్ చాలా థాంక్స్. పొద్దున్నే 1962కి చేశాను, మధ్యాహ్నానికి వచ్చారు. జ్వరం 38.9, గుండె నిమిషానికి 56. రక్తం తీసుకెళ్లారు. డాక్టర్‌కు మీరు రాసింది చూపించాను, ఆయనా ఇదే అన్నారు. బరువెంత అని అడిగితే 400 అన్నాను, ఆయన నవ్వారు. అసలు ఇంటి దగ్గర గుర్రం బరువు తెలిసేదెలా? ఉలవలు పెంచాలా తగ్గించాలా?

వెట్_గన్నవరం:
దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ కొలవండి, ఊపిరి వదిలినప్పుడు. తర్వాత భుజం ముందు ఎముక నుంచి వెనక పిరుదు ఎముక చివరి దాకా పొడవు. సెంటీమీటర్లలో చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. కిలోలు వస్తాయి.

ఉలవలు ఇప్పటికి మానేయండి. ఎండిపోయిన గుర్రానికి గింజ ఒక్కసారి ఎక్కువ పెడితే రక్తంలో లవణాలు తలకిందులవుతాయి, పైగా పేగు పుండుగా ఉంది, గిట్టలకు లామినైటిస్ (గిట్ట లోపలి వాపు) కూడా రావచ్చు. మంచి లూసర్న్ మేత దొరికితే గంపెడు ఒక్కసారి వేయకుండా రోజుకు ఆరు సార్లు గుప్పెళ్లుగా, దాంతో ఎండుగడ్డి. పది రోజుల పాటు నెమ్మదిగా పెంచండి, గింజ ఆ తర్వాత. మంచినీళ్ల బకెట్ పక్కన ఉప్పు, ఎలక్ట్రోలైట్ కలిపిన రెండో బకెట్ పెట్టండి, ఏది కావాలంటే అది తాగుతుంది. మంచినీళ్లు మాత్రం ఎప్పుడూ తీసేయొద్దు.

గుండె 56 ఎక్కువే, మామూలుగా 28 నుంచి 44 మధ్య ఉంటుంది. 60 దాటినా, పడుకుని దొర్లినా, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటున్నా, చిగుళ్లు ఇటుక రంగుకో నీలానికో మారినా అర్ధరాత్రి అయినా ఫోన్ చేయండి.

చేవెళ్ల_తోట:
చుట్టుకొలత 158, పొడవు 145. లెక్కేస్తే 305 కిలోలు. అంటే ఆ 8 ఎం.ఎల్. కూడా ఎక్కువే వేశాడన్నమాట. డాక్టర్ రోజుకు 3 గ్రాముల ఫెన్‌బెండజోల్ రాశారు, ఐదు రోజులు. స్టెరాయిడ్ ఆయనే వేశారు.

ఏజెన్సీ_గుర్రం:
మాది పాడేరు పైన. రోడ్డు లేని ఊళ్లు కదా, ఇక్కడ చాలా ఇళ్లలో గుర్రం ఉంటుంది, సంతకు బియ్యం, కాఫీ బస్తాలు, అల్లం అన్నీ దాని మీదే. డాక్టర్ దగ్గరికి గుర్రం వెళ్లాలంటే గుర్రం ఎక్కే వెళ్లాలి, అదీ మా పరిస్థితి.

రెండేళ్ల క్రితం మాకు ఒకటి పోయింది. అదీ నాలుగైదేళ్లదే. వానాకాలం మధ్యలో విరేచనాలు మొదలై మూడు వారాల్లో ఎముకల గూడు అయింది. మేం చిల్లంగి అనుకుని ఒకసారి, పసరు ఒకసారి, గొర్రెల మందు ఒకసారి, అన్నీ చేశాం, కింద లద్దె కెలికి చూడాలనే ఆలోచన ఎవరికీ రాలేదు. చివరి రోజుల్లో కింది దవడ కూడా వాచింది. మేడమ్ చెప్పిన ప్రోటీన్ సంగతి ఇప్పుడు చదివాక అర్థమైంది.

తర్వాత కొన్నదాన్ని వేరేగా చూసుకుంటున్నాను. కట్టు చోటు నుంచి లద్దె రోజూ పొద్దున తీసేస్తాను, మేత కింద వేయను, తడికతో తొట్టిలా కట్టి అందులో వేస్తాను. ఒక పదిహేను నిమిషాల పని. మా ఊళ్లో నవ్వారు, గుర్రం వెనక తట్ట పట్టుకుని తిరుగుతున్నాడని. నవ్వనీ.

పిల్ల_గుర్రం_ఒంగోలు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా దగ్గర ఏడు నెలల పిల్ల ఉంది, పొట్ట ఉబ్బి, దగ్గు, ముక్కు కారుతోంది, ఎదుగుదల లేదు. లద్దెలో ఒకసారి తెల్లటి పెద్ద పురుగు పడింది, పెన్సిల్ కంటే పొడవు. ఐవర్‌మెక్టిన్ పేస్టు తెప్పించాను, పూర్తి డోసు పెట్టేయనా?

వెట్_గన్నవరం:
ఆగండి! అది ఏలికపాము, గుర్రప్పిల్లల్లో వచ్చే పారాస్కారిస్, అర అడుగు నుంచి అడుగు దాకా పెరుగుతుంది. దగ్గు కూడా దానిదే కావచ్చు, పిల్ల పురుగులు ఊపిరితిత్తుల గుండానే ప్రయాణిస్తాయి. పురుగులు చాలా ఉన్న పిల్లకు ఐవర్‌మెక్టిన్ కానీ పైరంటెల్ కానీ ఇస్తే అవి పక్షవాతం వచ్చినట్టు ఒకేసారి బిగుసుకుపోయి, తాడులా పేనుకుని చిన్నపేగులో అడ్డం పడతాయి. ఆపరేషన్ తప్ప దారి ఉండదు, అదీ మన దగ్గర ఎన్ని చోట్ల చేస్తారు చెప్పండి. ఐవర్‌మెక్టిన్‌కు ఈ పురుగు చాలా దేశాల్లో లొంగడం కూడా మానేసింది. లద్దె పరీక్ష చేయించి, డాక్టర్‌తో మాట్లాడి ఫెన్‌బెండజోల్‌తో మొదలుపెట్టండి, అది నెమ్మదిగా చంపుతుంది. ఇచ్చిన రెండు మూడు రోజులు కడుపునొప్పి కోసం కనిపెట్టుకుని ఉండండి. దీని గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి చావవు, వచ్చే ఏడు ఈనితే పిల్లను అదే దొడ్లో వదలొద్దు.

మీకు వేరే పోస్టు పెట్టుకుంటే మంచిది, ఇక్కడ రెండు గుర్రాల డోసులు కలిసిపోతే ప్రమాదం.

డెన్మార్క్_తెలుగు:
నేను డాక్టర్‌ను కాను, ఇక్కడ ఒక గుర్రపుశాలలో వారాంతాల్లో పనిచేస్తాను, సొంతూరు కరీంనగర్. చేవెళ్ల అన్న గుర్రం గండం గడిచాక పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడ 1999 నుంచి గుర్రానికి పురుగుల మందు డాక్టర్ చీటీ లేకుండా అమ్మరు. రెండు నెలలకోసారి అన్నిటికీ పేస్టు పిండేసే పద్ధతి పోయింది. వసంతంలో ప్రతి గుర్రం లద్దె విడివిడిగా కవర్లో వేసి ల్యాబ్‌కు పంపుతాం, గ్రాముకు ఎన్ని గుడ్లు అని లెక్క వస్తుంది. మా దగ్గర 200 దాటినవాటికే మందు. నాకు మొదట్లో ఆశ్చర్యమనిపించింది ఏంటంటే ఒకే పచ్చికలో మేసే గుర్రాల్లో కొన్నిటికి ఎప్పుడూ సున్నా, యాభై, ఒకటి రెండిటికి ప్రతిసారీ వెయ్యి. మొత్తం గుడ్లలో 80 శాతం ఓ 20 శాతం గుర్రాల నుంచే వస్తాయని చెబుతారు. మందంతా సున్నా ఉన్నవాటికి కూడా పోస్తే బతికి బట్టకట్టేవి మందుకు లొంగని పురుగులే కదా.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. మందు బాగా తగ్గించాక, పేగుకు రక్తం తీసుకెళ్లే ధమనిలో తిరిగే పెద్ద స్ట్రాంగైల్ మళ్లీ కనబడుతోందని ఇక్కడి పరిశోధకులే రాశారు. అందుకని గుడ్లు లేకపోయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు అన్నిటికీ వేయాలనేవాళ్లున్నారు. మా శాలలో దీని మీద టీ తాగేటప్పుడు గొడవలే.

లద్దె పంపేటప్పుడు ఒక చిట్కా: ఇప్పుడే పడిన ఉండ తీసుకుని, కవర్లో గాలి మొత్తం పిండేసి ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలో ఉంచితే గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పు వస్తుంది. మా ఆవిడ నా ఫ్రిజ్ డబ్బా మీద పుర్రె బొమ్మ గీసింది.

వెట్_గన్నవరం:
బాగా చెప్పారు, మన వాతావరణానికి ఒకటి మార్చుకోవాలి. అక్కడ పురుగు పిల్లలు చలిని తట్టుకుని పచ్చికలో ఉంటాయి. మన దగ్గర మే నెల ఎండలో, 40 దాటిన పొడి నేల మీద అవి త్వరగా ఎండి చస్తాయి. అసలు సీజన్ జూన్ నుంచి అక్టోబరు, లద్దె తడిగా, గోరువెచ్చగా ఉంటే వారంలోపే గుడ్డు నుంచి అంటుకునే పిల్ల తయారు. అందుకే వానాకాలంలో లద్దె వారానికి రెండుసార్లకు తగ్గకుండా ఎత్తేయాలి. వేసవిలో అయితే ఖాళీ దొడ్లో లద్దెను పలుగుతో చెదరగొట్టి ఎండకు వదిలేయొచ్చు, వానల్లో అలా చేస్తే చేలంతా చల్లినట్టే.

చేవెళ్ల గారికి ఒక అదృష్టం ఉంది, గేదెలు. గుర్రం మేసిన గడ్డిలో తర్వాత గేదెలను మేపితే గుర్రం పురుగు పిల్లలు దాదాపు అన్నీ వాటి కడుపులో చస్తాయి, గేదెలకు ఏమీ కాదు. వంతులు మార్చి మేపండి.

చేవెళ్ల_తోట:
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

సర్రా లేదు, పైరోప్లాస్మోసిస్ లేదు. ఆల్బుమిన్ 1.6 వచ్చింది, ఉండాల్సింది 2.6 పైన అన్నారు. పీసీవీ 24. మందు మొదలుపెట్టిన మూడో రోజు అసలు లేవలేదు, ఆ రాత్రి నేను, మా వాడు కొట్టంలోనే పడుకున్నాం. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆరో రోజు పొద్దున పిడికెడు లూసర్న్ నా చేతిలోంచి లాక్కుంది, అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. లద్దె ఉండ కట్టడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. నేను జీవితంలో దేనికోసమూ ఇంతగా ఎదురుచూడలేదు, నిజంగా. పొట్ట కింద వాపు పోయింది. సూది గడ్డ చీము పట్టి పగిలింది, కడిగి డ్రెస్సింగ్ చేశారు, ఇప్పుడు మచ్చ మాత్రమే.

14 రోజులకు గుడ్లు గ్రాముకు 50. వానలు వెనకబట్టాక మళ్లీ చూద్దామన్నారు డాక్టర్. నిన్న టేపు పెడితే 327 కిలోలు. ఉలవలు ఇప్పుడిప్పుడే అరకిలోతో మొదలుపెట్టాం.

లాయం అన్నా, నీ గుర్రాల లద్దె కూడా ఒకసారి పరీక్షకు ఇవ్వు, రాజేంద్రనగర్ దాకా నేనే తీసుకెళ్తాను.

మేడమ్, ఒక చిన్న డౌట్. రోజూ ఎత్తిన లద్దె గుట్టయింది. వంగతోటకు వేయొచ్చా?

వెట్_గన్నవరం:
327! చాలా సంతోషం. వంగతోటకు వేయండి, పచ్చిగా కాదు. ఒకచోట కుప్ప పోసి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి ఎక్కనిచ్చి, పై పొర లోపలికి వెళ్లేలా మధ్యలో రెండుసార్లు తిరగేసి, రెండు మూడు నెలలు మగ్గాక తీయండి. గుర్రం మేసే గడ్డి వైపు మాత్రం తీసుకెళ్లకండి.

లాయం_పాతబస్తీ:
అన్నా, ఆదివారం పొద్దున రా. ఆరు కవర్లు రెడీగా పెడతాను.